మిషన్ తొంభై చూపిస్తా ఉంది సార్

ఆపరేషన్ థియేటర్లో పదకొండేళ్ళు పని చేసినా నాకు కూర్చోవడానికి ఒక స్టూలు ఇవ్వలేదు. మూడుసార్లు రాసి అడిగాను. మొదటి అర్జీకి జవాబు రాలేదు. రెండోదానికి 'పరిశీలనలో ఉన్నది' అని వచ్చింది. మూడోదానికి స్టూలే వచ్చింది గాని, మత్తు డాక్టరు గారు దాని మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. ఈ స్టూలు గోల ఇప్పుడెందుకని మీకనిపించవచ్చు. నేనెలాంటి మనిషినో ముందే తెలిస్తే మిగతాది సులభంగా అర్థమవుతుంది. నన్ను ఎవరు ఏమన్నా మర్చిపోవడం నాకు చేతకాదు. అన్నవాళ్ళు మర్చిపోతారు. నేను తేదీ వేసి రాసిపెట్టుకుంటాను.

థియేటర్ టెక్నీషియన్లుగా ఇప్పుడు కొత్తగా చేరుతున్న పిల్లలకు ఇది చెప్పాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. మీకు కోర్సులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, మీ మిషన్లు మాట కూడా చెబుతాయట. మా కాలంలో, అంటే ఎనభైల మొదట్లో, తిరుపతిలో మా ఆసుపత్రిలో టార్నికెట్ అంటే ఒక రబ్బరు పట్టీ, ఒక చేతిపంపు, ఒత్తిడి చూపే ఒక గడియారం ముల్లు. బీపీ చూసే పట్టీ లాంటిదే, ఇంకా బలమైనది. చేతికో కాలికో ఎముక ఆపరేషన్ చేసేటప్పుడు పైభాగాన దాన్ని బిగించి గాలి కొడితే కిందికి రక్తం రాదు. డాక్టరుకు కోసిన చోటు శుభ్రంగా కనబడుతుంది. కాకపోతే దాన్ని ఎక్కువసేపు ఉంచకూడదు. గంటన్నర దాటితే జాగ్రత్త పడాలి, రెండు గంటలు దాటితే నరం దెబ్బతినవచ్చు. అందుకని ఎంతసేపయిందో ఎవరో ఒకరు చూస్తుండాలి. ఆ ఒకరు నేను.

అప్పటి ఎముకల డాక్టరు చిత్తూరు పక్క మనిషి. పెద్దాయన. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. గాలి కొట్టగానే నేను గోడకున్న పలక మీద సుద్దతో టైము రాయాలి. ప్రతి అరగంటకూ గట్టిగా చెప్పాలి.

"అరగంట సార్."

"వింటినప్పా."

"గంట సార్."

"వింటి."

"గంటన్నర సార్."

"ముగించేస్తాండా లేప్పా, ఒకటే పొడస్తావు."

ఆయన వింటినప్పా అనేదాకా నేను మళ్ళీ మళ్ళీ చెప్పేవాణ్ణి. చెప్పడం నా పని, విన్నానని చెప్పడం ఆయన పని. ఇంత చిన్న పద్ధతి విలువేమిటో ఆయన రిటైరై వెళ్ళిపోయాకే నాకు తెలిసింది.

ఆయన తర్వాత వచ్చిన డాక్టరు వయసులో నాకన్నా చిన్న. కోస్తా వైపు మనిషి. చేయి చాలా మంచిది, అది కాదనను. ఆయనతోపాటు కొత్త టార్నికెట్ మిషన్ కూడా వచ్చింది. ఇటుక రంగు పెట్టె, ముందు భాగంలో ఎర్ర అంకెలు. ఒత్తిడి ఎంత పెట్టాలో చెబితే తానే పెట్టుకుంటుంది, తగ్గితే తానే నింపుకుంటుంది, ఎన్ని నిమిషాలైందో తానే లెక్కపెట్టుకుంటుంది. ఏది తేడా వచ్చినా కూత పెడుతుంది. మొదటి రోజున అలవాటు చొప్పున నేను "అరగంట సార్" అన్నాను.

కొత్త డాక్టరు కత్తెర ఆపి తలెత్తాడు. "ఏవయ్యా, ఇదేమన్నా బస్టాండా, కేకలెయ్యడానికి? మిషన్ ఉందిగా. అది చెబుతుందిలే."

అందరూ నవ్వారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా నవ్వేవాళ్ళ కళ్ళు కనబడతాయి. మరుసటి రోజు పలక కూడా తీసేశారు. అప్పటి నుంచి థియేటర్లో గుడ్డలు ఉతికే ఆయమ్మ నన్ను చూసినప్పుడల్లా "చిత్తూరు, పలమనేరు, ఎక్కండెక్కండి" అనేది. ఆమెది ఎగతాళే గాని మనసులో ఏమీ లేదు. అయినా నేను ఆమెతో నాలుగు నెలలు మాట్లాడలేదు.

మిషన్ మాత్రం తెగ అరిచేది. మా ఊళ్ళో కరెంటు సంగతి మీకు తెలియదు. వోల్టేజీ తగ్గితే కూత, గొట్టం మడత పడితే కూత, పట్టీ కొద్దిగా జారితే కూత. పొడుగ్గా ఒకే కూత అయితే గాలి పోతున్నట్టు. తెగి తెగి వస్తే కరెంటు తేడా. మూడు పొట్టి కూతలు వేసి ఆగి, మళ్ళీ మూడు వేస్తే టైమైనట్టు. ఇవన్నీ ఎవరూ నాకు నేర్పలేదు. విని విని పట్టుకున్నాను. చాలా కూతలకు అసలు కారణమే ఉండేది కాదు. నోరు నొక్కే బటన్ ఒకటుండేది. అది నొక్కితే కాసేపు ఊరుకునేది.

"ఏమప్పా, నీ బిడ్డ ఏడస్తా ఉండాది సూడు. పాలు పట్టుపో" అనేది ఆయమ్మ గుమ్మం దగ్గర నిలబడి.

రెండు నెలలకు ఒక సంగతి కనిపెట్టాను. కరెంటు పోయి, జనరేటరు అందుకుని, మిషన్ మళ్ళీ వెలిగినప్పుడు పట్టీలో గాలి అలాగే ఉంటుంది. నిమిషాల లెక్క మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. అంతకు ముందు గడిచినదంతా దానికి గుర్తుండదు. తొంభై నిమిషాలకు కూత పెట్టమని చెప్పి ఉంటే, కరెంటు వచ్చినప్పటి నుంచి తొంభై లెక్కపెట్టి అప్పుడు కూస్తుంది.

ఇది ప్రమాదమని నాకు ఆ క్షణమే అర్థమైంది. మామూలు మనిషైతే ఏం చేస్తాడు? టీ తాగే వేళ డాక్టరు దగ్గరికి వెళ్ళి "సార్, ఇట్లుంది" అంటాడు. నేను ఆ పని చేయలేదు. బస్టాండు మాట గుండెలో ముల్లులా ఉంది. కాగితం తీసుకుని సూపరింటెండెంటుకు నేరుగా అర్జీ రాశాను. పలక మళ్ళీ పెట్టించవలసిందిగా కోరుతూ, మిషన్ గడియారం లోపాన్ని వివరిస్తూ, కింద నా సంతకం. ఒక నకలు మీద ముట్టినట్టు ముద్ర వేయించుకున్నాను. అలాంటి నకళ్ళు నా దగ్గర ఒక ఇనుప పెట్టె నిండా ఉండేవి.

ఆ అర్జీ నెల తర్వాత, చదవకుండానే కాబోలు, ఎముకల డాక్టరుకే చేరింది. ఆయన దాన్ని చేత్తో పట్టుకుని చేతులు కడిగే చోటికి వచ్చాడు. మొదటి రెండు వరుసలు చదివి మడిచేసినట్టుంది, ముఖం ఎర్రబడింది.

"నా మీద రాతలు రాస్తావా? చూడవయ్యా, ఇకమీదట థియేటర్లో నువ్వు నోరు తెరవడానికి వీల్లేదు. మిషన్ అరిస్తే బటన్ నొక్కు. అదే నీ ఉద్యోగం."

"సరే సార్" అన్నాను. మనసులో మాత్రం ఇంకో మాట అనుకున్నాను. తెరవమని బతిమాలినా తెరవను.

నిజంగానే తెరవలేదు. పదిహేడు రోజులు. ఏది కావాలన్నా చేత్తో చూపించేవాణ్ణి. ఆయమ్మ ఒకసారి "ఏమప్పా, మౌనవ్రతమా? ఏ సామికి మొక్కుకున్నావు?" అంది. దానికీ జవాబు చెప్పలేదు. అదొక రకమైన సుఖం. ఎదుటివాడు మన అవసరం తెలుసుకుని తలవంచే రోజు కోసం కాచుకుని కూర్చునే సుఖం. అది అనుభవించినవాడికే తెలుస్తుంది.

పద్దెనిమిదో రోజున ఒక రోగి వచ్చాడు. కొండ మీద భక్తులకు గుండ్లు గీసే క్షురకుడు. నలభై దాటిన మనిషి. నీళ్ళూ వెంట్రుకలూ కలిసిన నేల మీద జారిపడి కుడి ముంజేతిలో రెండు ఎముకలూ విరగ్గొట్టుకున్నాడు. లోపల ప్లేట్లు వేసి బిగించాలి. చంకలో సూది వేసి చేతికి మాత్రమే మత్తు ఇచ్చారు. అందువల్ల మనిషి మెలకువగానే ఉన్నాడు. తెల్లగుడ్డ అడ్డం కట్టాక ఆయనకు కనబడేది రెండే, నేనూ గోడ గడియారమూ.

నేను పైచేతికి పట్టీ చుడుతుంటే అడిగాడు. "గీసే చెయ్యి అప్పా ఇది. మళ్ళా ఎత్తతాదా?"

తలూపాను.

"మా బామ్మర్ది నా వంతులో కూర్సున్నాడు. ఈ చెయ్యి ఎత్తకపోతే వాడింక లేయడు. మంచోడే గాని, మెత్తగా ఉండే చోటు దొరికితే లేసే రకం కాదు." తానే నవ్వుకున్నాడు.

తొమ్మిదీ ఇరవైకి గాలి ఎక్కించాను. మిషన్ను తొంభై నిమిషాలకు పెట్టాను. పది గంటలకు అయిదు నిమిషాల ముందు కరెంటు పోయింది. జనరేటరు అందుకునేసరికి సరిగ్గా పది. మిషన్ తెగి తెగి కూసింది. బటన్ నొక్కాను. ఎర్ర అంకెలు సున్నా చూపించాయి. నలభై నిమిషాలు దాని లెక్కలోంచి పోయాయి. నా లెక్కలోంచి పోలేదు.

పదీ యాభైకి గంటన్నర నిండింది. నాలుక చివరిదాకా వచ్చింది. డాక్టరు వంగి పని చేస్తున్నాడు. మత్తు డాక్టరు పక్క థియేటరుకు వెళ్ళిపోయారు. ఉన్న నర్సు వారం కిందట చేరిన పిల్ల, ఆమెకు మిషన్ సంగతి తెలియదు. నేను నోరు మూసుకున్నాను.

పదకొండు దాటాక క్షురకుడు మెల్లగా అడిగాడు. "అప్పా, ఎంతసేపయింది? భుజం లాగతా ఉండాది."

అప్పుడు నేను పదిహేడు రోజుల తర్వాత నోరు తెరిచాను. ఆయనకు చెప్పడానికి కాదు, గుడ్డకు అవతల ఉన్న మనిషికి వినబడాలని. "మిషన్నే అడుగప్పా. అన్నీ అదే చెప్తాది."

డాక్టరు తలెత్తలేదు. వినబడిందో లేదో. క్షురకుడు నా ముఖం చూశాడు, తర్వాత గడియారం చూశాడు.

పదకొండున్నరకు మిషన్ మూడేసి పొట్టి కూతలు వేసింది. నిజానికి అప్పటికి రెండు గంటల పది నిమిషాలు.

"ఎంతయ్యా?" అన్నాడు డాక్టరు.

అడిగాడు. చూడండి, నన్ను అడిగాడు. పదిహేడు రోజులు నేను కాచుకున్నది ఆ ప్రశ్న కోసమే. ఒక్క మాట చాలు. ఏ దేవుడు నా నాలుక మీద కూర్చున్నాడో తెలియదు, నేనన్నది ఇదీ. "మిషన్ తొంభై చూపిస్తా ఉంది సార్."

"తొంభై కదా. ఇంకో ఇరవై అయిదు నిమిషాల్లో అయిపోతుంది. బటన్ నొక్కు."

బటన్ నొక్కాను.

పదకొండూ యాభై అయిదుకు గాలి వదిలాను. రెండు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు.

మరునాడు పొద్దున వార్డులో క్షురకుడి మణికట్టు వేలాడిపోయింది. ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. చేతి వెనుక వైపు స్పర్శ లేదు. దెబ్బ తిన్నది ఎముక విరిగిన చోట నరం కాదు, పట్టీ కట్టిన చోట నరం. డాక్టరు దాన్ని చూసి బయటికి వచ్చి వరండాలో చాలాసేపు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను ఆయన వెనుకే ఉన్నాను. ఆయన తిరిగి చూసి "కరెంటు పోయిందిగా" అన్నాడు, తనతో తాను అనుకుంటున్నట్టు. "సున్నాకి వెళ్ళిందా?" అన్నాడు.

"అర్జీలో రాసినాను సార్" అన్నాను.

ఆ జవాబు చెప్పినందుకు ఆ రోజు నాకు గర్వంగా ఉండింది. ఇది కూడా రాసుకోవాలి మరి.

విచారణ జరిగింది. సూపరింటెండెంటు, హెడ్ నర్సు, వేరే విభాగం డాక్టరు ఒకరు. ఎముకల డాక్టరు "టెక్నీషియన్ నాకు చెప్పలేదు" అన్నాడు. నేను ముద్ర ఉన్న నకలు బల్ల మీద పెట్టాను. "నోరు తెరవొద్దని ఆజ్ఞ సార్" అన్నాను. అర్జీని ఎవరూ చదవలేదని తేలేసరికి సూపరింటెండెంటు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. క్షురకుణ్ణి కూడా పిలిచి, థియేటర్లో ఏం విన్నావని అడిగారు. ఆయన చెయ్యి ఒక పలకకు కట్టి ఉంది.

"నాకేం తెలుసు సార్. డాక్టరు సారు పని చూసుకుంటా ఉండినాడు. ఈ అప్ప బటన్ నొక్కతా ఉండినాడు. ఎవురి పని వాళ్ళు చేసినారు."

నేనన్న మాట ఆయన చెప్పలేదు.

తప్పు మిషన్ది అని రాసి ముగించారు. మిషన్కు గుడ్డ కప్పి మూలకు తోశారు. నేను గెలిచాను. గెలిచి బయటికి వస్తే మెట్ల మీద ఆయమ్మ ఎదురైంది. నవ్వలేదు, బస్సుల పేర్లు చెప్పలేదు.

"కాయితం మీద అంత రాసే మనిషివి, ఒక్క మాట చెప్పేదానికి నోరు లేకపాయెనా అప్పా?" అని పక్కకు తప్పుకుని పోయింది.

ఆ తర్వాత నెల రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే రాసుకునేవాణ్ణి. టీ వేళకు నేను బెంచీ మీద కూర్చుంటే పక్కనున్నవాళ్ళకు ఏదో పని గుర్తొచ్చేది. నేను తెచ్చుకున్న సంగటి, చెనిక్కాయల చట్నీ నేనే తినేవాణ్ణి. మునుపు నా డబ్బాలో చెయ్యి పెట్టని వాళ్ళుండేవాళ్ళు కాదు. వాళ్ళ మీద అర్జీ రాయడానికి ఏమీ లేదు. మనిషి పక్కనుంచి లేచిపోవడం నేరం కాదు కదా. కొన్నాళ్ళకు నన్ను చిత్తూరు ఆసుపత్రిలో పరికరాలు ఉడికించే గదికి మార్చారు. ఆ గదిలో నేనూ ఆవిరీ తప్ప ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇంటికి వెళ్ళినా అంతే. అప్పటికి నా భార్య పోయి రెండేళ్ళు.

ప్రతి శుక్రవారం సెలవు పెట్టి తిరుపతి బస్సెక్కేవాణ్ణి. క్షురకుడు వ్యాయామం చేయించుకోవడానికి శుక్రవారాలు కొండ దిగి వచ్చేవాడు. ఎందుకు వెళ్ళానని అడిగితే అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. ఆసుపత్రి ఆఫీసులో పనుందని చెప్పి ఆ వ్యాయామం గది బయట నిలబడేవాణ్ణి. కేసు వేయించడానికి ఎగదోస్తున్నానని ఆఫీసు వాళ్ళు చెప్పుకున్నారట. అనుకోనీ.

"వస్తివా అప్పా" అనేవాడు ఆయన. తెలిసినవాళ్ళను పలకరించినట్టే. లోపల బల్ల మీద చెయ్యి చాచి, ఎత్తు, ఎత్తు అని ఆయన చేతినే ఆయన బతిమాలుకునేవాడు. అది ఎత్తేది కాదు. నేను ఎడంచేత్తో ఆయనకు టీ గ్లాసు అందించేవాణ్ణి, ఆయన ఎడంచేత్తోనే అందుకునేవాడు.

"బామ్మర్ది ఎట్లుండాడు?" అని అడిగాను ఒకసారి.

"బాగుండాడు. నా కత్తికి అలవాటు పడినాడు. నిన్న నాకే గీసినాడు గడ్డం, తెగ్గోసినాడు సూడు." దవడ చూపించాడు. ఆ రోజు నవ్వు పూర్తిగా రాలేదు.

పద్నాలుగో వారమో పదిహేనో వారమో, నేను వెళ్ళేసరికి ఆయన గది బయటికి వచ్చి నిలబడి ఉన్నాడు. నన్ను చూడగానే చెయ్యి ముందుకు చాచాడు.

"ఇట్ల రా. ఎవురికీ చెప్పలేదు ఇంకా. సూడు."

వేలాడుతున్న మణికట్టు వణికింది. మెల్లగా వేలెడు మందం పైకి లేచింది. ఒక్క క్షణం నిలిచి పడిపోయింది.

"నీకే ముందు సూపిస్తా ఉండా" అన్నాడు. "ఇన్ని వారాలు తిరిగినావు గదా."

ఆ మాట నేను తట్టుకోలేకపోయాను. ఆయన నా ముఖం మీద చెప్పు విసిరి ఉంటే తేదీ వేసుకుని ఊరుకునేవాణ్ణి. అక్కడే, వరండాలోనే, చెప్పేశాను. నాకు ముందే తెలుసని. కరెంటు పోయినప్పుడే నలభై నిమిషాలు పక్కన లెక్కపెట్టుకున్నానని. డాక్టరు నన్ను అడిగినప్పుడు, తొంభై కాదని తెలిసే తొంభై అన్నానని. ఆయన మీద పంతంతో.

క్షురకుడు చేతిని దించి ఎడంచేత్తో పట్టుకున్నాడు, దాన్ని నా నుంచి దాచుతున్నట్టు.

"గడియారం నేనూ సూస్తా ఉండినా" అన్నాడు. "లేటయిందని నాకూ తెలస్తానే ఉండె. నీకు లెక్క తెలీదేమో, అందుకని మిషన్నడగమన్నావేమో అనుకున్నా. పెద్ద సార్ల ముందర నీకు భయమేమో అనుకున్నా. అందుకే ఆడ చెప్పలే." పట్టుకున్న చేతి కేసి చూసుకున్నాడు. "పంతమా అప్పా?"

నేను తలూపాను.

"ఆయప్ప మీద పంతానికి నా చెయ్యా దొరికింది?"

అంతే. కోపంగా కూడా అనలేదు. లోపలికి వెళ్ళి బల్ల దగ్గర కూర్చుని నాకు వీపు పెట్టాడు. తర్వాతి శుక్రవారం నేను వెళ్ళాను. ఆయన నన్ను చూడనట్టే గదిలోకి నడిచాడు. ఆ పై వారమూ అంతే. ఆ తర్వాత నేను వెళ్ళడం మానేశాను. ఎముకల డాక్టరు, నేను విన్నంతలో, ఆ తర్వాత ప్రతి ఆపరేషన్లోనూ టైమును నర్సు చేత గట్టిగా చెప్పించుకునేవాడట. ఆయనకు నేను చెప్పవలసిన సంగతి ఒకటుంది. ఎన్నోసార్లు ఉత్తరం మొదలుపెట్టాను. అర్జీలు రాసిన చేతికి ఆ ఉత్తరం రాలేదు. ఆయన బతికి ఉంటే ఇది చదవాలని నా కోరిక.

పిల్లలూ, మిషన్ అరిస్తే ఏం చెయ్యాలో మీ పుస్తకంలో ఉంటుంది. ముందు రోగిని చూడండి, తర్వాత పట్టీని, గొట్టాన్ని, చివర బటన్. అది నేర్పడానికి నేనక్కర్లేదు. నేను చెప్పేది మిషన్ ఊరుకున్నప్పటి సంగతి. గదిలో ఒకరికి తెలిసి, మిగతావాళ్ళకు తెలియనప్పుడు, ఆ తెలిసినవాణ్ణి ఎంత అవమానించి ఉన్నా సరే, వాడు చెప్పాలి. అవమానం గురించి అర్జీ సాయంత్రం రాసుకోవచ్చు. నేను ఎన్నో రాశాను, సమయం ఎప్పుడూ దొరికింది.

ఆ శుక్రవారాలు మానేసిన ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున అలిపిరి నుంచి నడిచి కొండెక్కాను. గుండు గీయించుకునే వరుసలో నిలబడ్డాను. ఆ క్షురకుడు తన చోటనే ఉన్నాడు. ముందున్న వాళ్ళు ఒక్కొక్కరే అయిపోయి నా వంతు వచ్చింది. ఆయన కత్తి తుడుచుకుని తలెత్తి నన్ను చూశాడు. గుర్తుపట్టాడు. నేను ఒక అడుగు ముందుకు వేశాను.

"నువ్వు రాప్పా" అన్నాడు, నా వెనుకున్న మనిషితో.

వెనుకాయన నన్ను తప్పించుకుని వెళ్ళి కూర్చున్నాడు. నేను పక్క వరుసలోకి మారి, అక్కడి క్షురకుడి ముందు తల వంచాను. చల్లటి నీళ్ళు తల మీద పడ్డాయి. వంచిన తలనే పక్కకు తిప్పి చూశాను. ఆయన కుడిచెయ్యి ఆ మనిషి నెత్తి మీద ముందు నుంచి వెనక్కి పోతోంది, ఆగకుండా, మణికట్టు నిటారుగా నిలబడి.

"తల కదపొద్దు సామీ, తెగతాది" అన్నాడు నాకు గీస్తున్నాయన. రెండోసారి కూడా చెప్పాల్సి వచ్చింది.